రేడియేటర్లు పెట్టించినా చివరి గది ఎందుకు వేడెక్కదు? జవాబు పైపుల అమరికలోనే

కశ్మీర్ లోయలో ఏటా డిసెంబర్ 21న ‘చిల్లై కలాన్’ మొదలవుతుంది. 40 రోజుల పాటు సాగే ఈ గడ్డు చలికాలంలో కుళాయిల్లో నీరు గడ్డకడుతుంది. దాల్ సరస్సు అంచులు మంచు పలకలుగా మారతాయి. తరతరాలుగా అక్కడి కుటుంబాలు ఈ చలిని ఒళ్లో పెట్టుకునే కాంగ్డీతో, గది మధ్యలో మండే బుఖారీతో, రాతి పలకల కింద కట్టెలు కాల్చే హమామ్‌తో ఎదుర్కొంటూ వచ్చాయి.

కాంగ్డీ, బుఖారీ లాంటి వాటిలో నిప్పు మనిషి పక్కనే ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గు, కట్టె, గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణాలు కోల్పోయిన కుటుంబాల వార్తలు ఉత్తర భారతం నుంచి దాదాపు ప్రతి శీతాకాలంలోనూ వస్తూనే ఉంటాయి.

నిప్పును పడకగది నుంచి బయటికి పంపి, వేడిని మాత్రమే లోపలికి తెచ్చుకునే మార్గం వేడినీటి రేడియేటర్లు. బాయిలర్ ఒక చోట ఉంటుంది. అది వేడి చేసిన నీరు పైపుల ద్వారా గది గదికీ చేరుతుంది. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో సర్వసాధారణమైన ఈ ఏర్పాటు శ్రీనగర్, లేహ్, మనాలీ వంటి చోట్ల హోటళ్లలోనూ కొన్ని ఇళ్లలోనూ కనిపిస్తోంది.

అయితే ఇల్లు కట్టుకునేవారు సాధారణంగా రెండు ప్రశ్నలే అడుగుతారు. ఏ బాయిలర్ కొనాలి? రేడియేటర్ ఎంత పెద్దది ఉండాలి? మూడో ప్రశ్న, అంటే పైపులు ఏ క్రమంలో వెళ్లాలన్నది, మేస్త్రీకే వదిలేస్తారు. నిజానికి ఈ మూడింటిలో తర్వాత సరిదిద్దుకోవడం దాదాపు అసాధ్యమైనది అదే. బాయిలర్‌ను ఒక్క రోజులో మార్చవచ్చు. రేడియేటర్‌ను గంటలో మార్చవచ్చు. నేలలో, గోడలో పూడ్చిన పైపును మార్చాలంటే ఇల్లు పగలగొట్టాల్సిందే. బాయిలర్ పక్క గది ఉక్కపోతగా, చివరి గది చలిగా ఉండటానికి అనేక ఇళ్లలో అసలు కారణం ఈ అమరికే.

వేడిని మోసేది నీరే

బాయిలర్‌లో వేడెక్కిన నీటిని పంపు రేడియేటర్లలోకి నెడుతుంది. అక్కడ కొంత వేడిని గదికి వదిలి, చల్లబడిన నీరు తిరిగి బాయిలర్‌కు చేరుతుంది. మళ్లీ వేడెక్కి మళ్లీ బయలుదేరుతుంది. ఇది దానికదే తిరిగే వలయం. స్నానాలకు, వంటకు వాడే నీటిలో ఇది కలవదు.

‘రేడియేటర్’ అన్న పేరు ఈ పరికరానికి పూర్తిగా సరిపోదు. బడిలో చదువుకున్న ఉష్ణ వహనం, సంవహనం, వికిరణం అనే మూడింటిలో ఆ పేరు మూడోదాన్ని సూచిస్తుంది. కానీ ఇప్పుడు దొరికే రెక్కలున్న ఉక్కు పలకల రేడియేటర్లు అధిక భాగం వేడిని సంవహనం ద్వారానే ఇస్తాయి. వాటి చుట్టూ ఉన్న గాలి వేడెక్కి పైకి లేచి గదంతా తిరుగుతుంది. అందుకే రేడియేటర్ ముందు సోఫా జరిపినా, మందపాటి తెర వేలాడదీసినా గది సరిగా వేడెక్కదు. లేహ్ వంటి ఎత్తైన చోట గాలి పలుచగా ఉండటం వల్ల అదే రేడియేటర్ మైదానంలో కంటే కొంత తక్కువ వేడిని ఇస్తుంది.

ఇక లెక్క. కిలో నీరు ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడితే సుమారు 4.18 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. దీన్నిబట్టి, ఒక గదికి ఒక కిలోవాట్ వేడి అందాలంటే, నీరు రేడియేటర్‌లో 20 డిగ్రీలు చల్లబడే ఏర్పాటులో గంటకు 43 లీటర్లు ప్రవహించాలి. 10 డిగ్రీలే చల్లబడితే 86 లీటర్లు, 5 డిగ్రీలే అయితే 172 లీటర్లు కావాలి. ఉష్ణోగ్రతలో తేడా సగమైతే ప్రవాహం రెట్టింపు కావాలన్న ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకుంటే మిగతాదంతా సులభం.

అమరికలను పోల్చడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. అందులో ఆరు గదులు, గదికొక రేడియేటర్. ఒక్కో గదికి 1.5 కిలోవాట్లు, మొత్తం 9 కిలోవాట్లు కావాలి. బాయిలర్ నుంచి నీరు 70 డిగ్రీల వద్ద బయలుదేరుతుంది. గదుల్లో 20 డిగ్రీలు ఉంటే చాలు.

ఒకే పైపు: చవకైనది, చివరి గదికి కష్టమైనది

అన్నింటికంటే సరళమైన అమరికలో బాయిలర్ నుంచి బయలుదేరిన ఒకే పైపు ఇల్లంతా చుట్టి తిరిగి బాయిలర్‌కే వస్తుంది. రేడియేటర్లు దారానికి గుచ్చిన పూసల్లా వరుసగా దానిపైనే ఉంటాయి. మొదటి రేడియేటర్ వదిలిన నీరే రెండోదానికి వెళ్తుంది. అది వదిలినదే మూడోదానికి.

మన ఆరు గదుల ఇంట్లో నీరు 70 డిగ్రీల వద్ద బయలుదేరి 50 డిగ్రీల వద్ద తిరిగి వస్తుందనుకుంటే, మొదటి గదికి 70 డిగ్రీల నీరు అందుతుంది. ఆరో గదికి చేరేసరికి అది 53 డిగ్రీలకు పడిపోతుంది. రేడియేటర్ ఇచ్చే వేడి, గది గాలికీ దానికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా కంటే వేగంగా తగ్గుతుంది. ఆ లెక్కన ఒకే పరిమాణంలో ఉన్న రేడియేటర్లలో ఆరోది మొదటిదానితో పోలిస్తే 58 శాతం వేడినే ఇవ్వగలదు. రెండు గదులూ సమానంగా వేడెక్కాలంటే చివరి రేడియేటర్ మొదటిదాని కంటే 1.7 రెట్లు పెద్దదిగా ఉండాలి. ఈ లెక్క వేయకుండా అన్ని గదులకూ ఒకే రేడియేటర్ కొంటే, ఆఖరి గదిలో పడుకునేవారు ఏటా చలికాలమంతా దాని ఫలితం అనుభవిస్తారు.

అసలైన వరుస అమరికలో మరో చిక్కు ఉంది. ఒక గదిలో రేడియేటర్ వాల్వు మూస్తే ప్రవాహం మొత్తం ఆగిపోతుంది. దీన్ని నివారించడానికి ప్రధాన పైపును ఆపకుండా, ప్రతి రేడియేటర్‌నూ దానికి సమాంతరంగా రెండు చిన్న కొమ్మలతో కలుపుతారు. కొంత నీరు రేడియేటర్‌లోకి వెళ్తుంది, మిగిలినది నేరుగా సాగిపోతుంది. ఈ తరహాను రష్యన్ మాట్లాడే ప్రాంతాల్లో ‘లెనిన్‌గ్రాద్కా’ అంటారు. సోవియట్ కాలపు బహుళ అంతస్తుల భవనాల్లో ఒకే పైపు అమరికలు విస్తృతంగా వాడారు. అక్కడ నిలువు పైపు ఒక్కో అంతస్తునూ దాటుకుంటూ పోతుంది. కనుక ఒక ఇంటి వాడకాన్ని ఒక్క మీటరుతో కొలవడం నేటికీ తలనొప్పే.

ప్రవాహాన్ని పెంచితే ఈ లోపం తగ్గదా? తగ్గుతుంది. మన ఇంట్లో నీటి ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే వలయం మొత్తంలో పతనం 20 నుంచి 10 డిగ్రీలకు తగ్గుతుంది. అప్పుడు చివరి రేడియేటర్ మొదటిదానితో పోలిస్తే 78 శాతం వేడి ఇస్తుంది. కానీ ప్రవాహం రెట్టింపైతే పైపులో ఘర్షణ మూడున్నర నుంచి నాలుగు రెట్లు అవుతుంది. దానికి పెద్ద పంపు, లేదా లావు పైపు కావాలి. పైపులో మిగిల్చిన ఖర్చు ఇలా మరో దారిలో తిరిగి వస్తుంది.

రెండు పైపులు: అందరికీ ఒకే వేడి

రెండో పద్ధతిలో వేడినీరు తీసుకెళ్లే పైపు వేరు, చల్లబడిన నీటిని వెనక్కి తెచ్చే పైపు వేరు. ప్రతి రేడియేటర్ ఈ రెండింటి మధ్య నిచ్చెన మెట్టులా ఉంటుంది. ఒక రేడియేటర్ వాడిన నీరు మరోదానిలోకి వెళ్లదు. పైపులో దారిన పోయే స్వల్ప వేడిని మినహాయిస్తే ఆరు గదులకూ 70 డిగ్రీల నీరే అందుతుంది.

ఇంతటితో సమస్య తీరినట్టేనా? పూర్తిగా కాదు. నీరు సులభమైన దారినే వెతుక్కుంటుంది. బాయిలర్‌కు దగ్గరగా ఉన్న రేడియేటర్ ద్వారా వెళ్లి వచ్చే దారి పొట్టిది. చివరిదాని ద్వారా వెళ్లే దారి పొడవైనది. ఏ అడ్డూ లేకపోతే ఎక్కువ నీరు దగ్గరి రేడియేటర్ గుండానే తిరిగి వచ్చేస్తుంది. ఒకే పైపు అమరికలో చివరి గదికి వేడి తగ్గిన నీరు వస్తే, ఇక్కడ వేడి తగ్గని నీరే కొద్దిగా వస్తుంది.

దీనికి మందు ప్రతి రేడియేటర్‌కూ వెనక్కి వెళ్లే వైపు అమర్చే సర్దుబాటు వాల్వు. దాని తలపై మూత ఉంటుంది. దాన్ని తీసి పానాతో తిప్పాలి. అన్నింటినీ పూర్తిగా తెరిచి, ఆపై బాయిలర్‌కు దగ్గరివాటిని కొద్దికొద్దిగా మూస్తూ, ప్రతి రేడియేటర్‌లోనూ లోపలికి వచ్చే నీటికీ బయటికి పోయే నీటికీ మధ్య తేడా దాదాపు సమానమయ్యేదాకా సర్దాలి. దీన్నే సమతుల్యం చేయడం అంటారు. పైపుకు తగిలించే ఒక చిన్న థర్మామీటర్, ఒక పూట ఓపిక ఉంటే చాలు. ఈ ఒక్క పని చేయకుండా పని ముగించుకుని వెళ్లే మేస్త్రీలు ఎక్కువ. ఆ తర్వాత చివరి గది చలిగా ఉందంటే పెద్ద పంపు పెట్టమంటారు. పెద్ద పంపు దగ్గరి రేడియేటర్లలోకి మరింత నీటిని తోస్తుంది. కరెంటు బిల్లు, పైపుల చప్పుడు పెరుగుతాయి. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

తిరుగు దారిని మలుపు తిప్పితే

రెండు పైపుల అమరికలోనే ఒక తెలివైన మార్పు ఉంది. వేడినీరు ముందుగా అందుకున్న రేడియేటర్ నుంచి వచ్చే నీరు అన్నింటికంటే చివరన బాయిలర్ చేరేలా, ఆఖరున అందుకున్నదాని నీరు ముందుగా చేరేలా వెనక్కి వచ్చే పైపును నడపడమే అది. దీన్ని రివర్స్ రిటర్న్ అంటారు. జర్మన్ ఇంజినీర్ పేరిట టికెల్‌మాన్ పద్ధతి అని కూడా వ్యవహరిస్తారు.

ఈ అమరికలో ఏ రేడియేటర్ గుండా వెళ్లినా మొత్తం దారి పొడవు ఇంచుమించు ఒకటే. కనుక నీరు దగ్గరి దారి వెతుక్కోవడానికి అవకాశం తక్కువ. అయితే సర్దుబాటు వాల్వులు అసలు అక్కర్లేదన్న మాట నిజం కాదు. గదులు, రేడియేటర్లు వేర్వేరు పరిమాణాల్లో ఉంటే ఎంతో కొంత సర్దుబాటు తప్పదు. కాకపోతే ఆ పని తేలికవుతుంది.

ఖర్చు ఇంటి ఆకృతిని బట్టి ఉంటుంది. బాయిలర్ నుంచి బయలుదేరి ఇంటి చుట్టుగోడల వెంట తిరిగి అక్కడికే వచ్చే దారి ఉంటే ఈ పద్ధతికి అదనపు పైపు దాదాపు అవసరం లేదు. ఇల్లు పొడవుగా ఉండి, బాయిలర్ ఒక కొసన ఉంటే మాత్రం మూడో పైపు వేసినంత పొడవు అదనంగా పడుతుంది.

మానిఫోల్డ్: గదికో దారి

నాలుగో పద్ధతిలో ప్రతి అంతస్తులోనూ ఒక చోట మానిఫోల్డ్ అనే పంపిణీ కడ్డీల జంటను అమరుస్తారు. బాయిలర్ నుంచి లావు పైపులు అక్కడి దాకా వస్తాయి. అక్కడి నుంచి ఒక్కో రేడియేటర్‌కు సన్నని ప్లాస్టిక్ పైపుల జంట విడిగా వెళ్తుంది.

దీనిలోని అసలు లాభం కంటికి కనిపించదు. అతుకులన్నీ మానిఫోల్డ్ వద్ద, రేడియేటర్ వద్ద మాత్రమే ఉంటాయి. నేలలో పూడ్చిన భాగం చుట్ట నుంచి తెంపకుండా పరిచిన ఒకే పైపు. పైపుల వ్యవస్థలో నీరు కారేది ఎక్కువగా అతుకుల దగ్గరే కాబట్టి, నేల పగలగొట్టాల్సిన ప్రమాదం బాగా తగ్గుతుంది. ఏ గదికి ఎంత నీరు వెళ్లాలో మానిఫోల్డ్ దగ్గరే నిలబడి సర్దవచ్చు. ఒక గదిని ఆపినా మిగతావాటికి ఇబ్బంది ఉండదు.

నష్టం పైపు పొడవు. ఆరు రేడియేటర్లు మానిఫోల్డ్ నుంచి సగటున 10 మీటర్ల దూరంలో ఉంటే, రానూపోనూ 120 మీటర్ల పైపు పడుతుంది. ఇక్కడ పైపు రకం మరీ ముఖ్యం. వేడినీటికి వాడే పెక్స్ పైపుకు ఆక్సిజన్‌ను అడ్డుకునే పొర ఉండాలి, లేదా మధ్యలో అల్యూమినియం పొర ఉన్న రకం కావాలి. లేకపోతే బయటి గాలిలోని ఆక్సిజన్ పైపు గోడ గుండా మెల్లగా నీటిలోకి చేరి ఉక్కు రేడియేటర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కుళాయిలకు వేసే మామూలు ప్లాస్టిక్ పైపు చవక అని దీనికి వాడటం తగదు.

కరెంటు పోతే ఏమవుతుంది?

విద్యుత్ సరఫరా ఆగడం అరుదైన దేశాల్లో రాసిన మార్గదర్శకాలు ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోవు. హిమాలయ ప్రాంతాల్లో ఇదే మొదటి ప్రశ్న కావాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది. గ్యాస్, డీజిల్ బాయిలర్లు కూడా వెంటనే ఆగుతాయి. ఇల్లు చల్లబడుతుంది తప్ప మరో ప్రమాదం తక్షణం ఉండదు. కానీ కట్టెలు లేదా బొగ్గుతో నడిచే బాయిలర్‌లో మంట ఆగదు. కదలని నీరు మరిగి ఆవిరవుతుంది.

పంపులు రాక ముందు కాలంలో నీరు తనంతట తానే తిరిగేది. వేడినీరు తేలిక, చల్లనినీరు బరువు. బాయిలర్ కింద, రేడియేటర్లు పైన ఉంటే ఈ తేడాయే ప్రవాహాన్ని నడుపుతుంది. అయితే ఆ శక్తి ఎంత చిన్నదో చూడండి. 70 డిగ్రీల నీరు పైకి వెళ్లి 50 డిగ్రీల నీరు కిందికి వస్తుంటే, మూడు మీటర్ల ఎత్తులో లభించే ఒత్తిడి సుమారు 3 సెంటీమీటర్ల నీటి స్తంభానికి సమానం. ఇంట్లో వాడే చిన్న పంపు కొన్ని మీటర్ల స్తంభమంత ఒత్తిడి ఇస్తుంది. అంటే వంద రెట్లు లేదా అంతకు మించి. కాబట్టి పంపు లేకుండా నడవాలంటే లావు పైపులు, సరైన వాలు, తక్కువ మలుపులు కావాలి. సన్నని పైపుల మానిఫోల్డ్‌లో ఇది ఆశించలేం.

కట్టెల బాయిలర్ ఉన్న ఇంటికి ఆచరణీయమైన మధ్యేమార్గం ఒకటి ఉంది. బాయిలర్‌కు పైన, దగ్గరగా ఒక రేడియేటర్‌నైనా లావు పైపుతో, ఏ వాల్వూ లేకుండా, పంపు లేకపోయినా నీరు తిరిగేలా కలపాలి. మిగతా ఇల్లు పంపుతో నడిచే రెండు పైపుల అమరికలో ఉండవచ్చు. కరెంటు పోయినప్పుడు పొయ్యిలోని వేడి ఆ ఒక్క రేడియేటర్ గుండా బయటపడుతుంది. దీంతోపాటు నీరు వ్యాకోచించడానికి పైన తెరిచి ఉండే తొట్టి, లేదా ఆ బాయిలర్ తయారీదారు నిర్దేశించిన రక్షణ వాల్వులు తప్పనిసరి. ఆ తొట్టి, దానికి వెళ్లే పైపు అటకపై గడ్డకట్టి మూసుకుపోతే రక్షణే ప్రమాదంగా మారుతుంది. వాటికి మందపాటి తొడుగు ఉండాలి.

ఎత్తు ఇక్కడ మరో షరతు పెడుతుంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కనుక తెరిచిన పాత్రలో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. తెరిచిన తొట్టి ఉన్న వ్యవస్థలో 80 డిగ్రీల నీటిని తిప్పడమంటే మరిగే స్థితికి చేరువలో నడపడమే. మైదాన ప్రాంతపు అలవాటుతో బాయిలర్ ఉష్ణోగ్రతను పెట్టకూడదు.

గడ్డకట్టే ప్రమాదం

నీరు మంచుగా మారితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పైపులూ రేడియేటర్లూ పగులుతాయి. కొండ ప్రాంతాల్లో చాలా కుటుంబాలు చలికాలంలో పై గదులు మూసేసి ఒకటి రెండు గదుల్లోకి సర్దుకుంటాయి. అలా మూసిన గదిలో రేడియేటర్ వాల్వును పూర్తిగా బిగిస్తే అందులోని నీరు కదలక గడ్డకడుతుంది. థర్మోస్టాట్ వాల్వులపై మంచు రేకు గుర్తు ఉండేది ఇందుకే. ఆ స్థానంలో ఉంచితే గది గడ్డకట్టే స్థితికి చేరక ముందే వాల్వు కొద్దిగా తెరుచుకుంటుంది. అయితే బాయిలర్ నడుస్తున్నప్పుడే అది కాపాడుతుంది.

ఇల్లంతా తాళం వేసి వెళ్లేవారికి రెండు దారులు. మొదటిది నీరంతా ఖాళీ చేయడం. ఇది సాధ్యం కావాలంటే పైపులు ఒక పల్లపు స్థానానికి వాలుగా ఉండి, అక్కడ ఖాళీ చేసే కుళాయి ఉండాలి. ఇదీ అమరిక దశలోనే తేలాలి. రెండోది నీటిలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలపడం. 40 శాతం మిశ్రమం సుమారు మైనస్ 21 డిగ్రీల వరకు గడ్డకట్టదు. కానీ అది చిక్కగా ఉంటుంది, నీటి కంటే తక్కువ వేడిని మోస్తుంది. పంపును, పైపు వ్యాసాన్ని ముందే దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. వాహనాల్లో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం కాబట్టి ఇళ్లలో దాని జోలికి పోకపోవడమే మేలు.

రేపటి బాయిలర్‌ను దృష్టిలో ఉంచుకుంటే

పైపులు యాభై ఏళ్లు ఉండవచ్చు. బాయిలర్ అంతకాలం ఉండదు. దాని స్థానంలో రేపు హీట్ పంపు వస్తే నీటి ఉష్ణోగ్రత 70 కాక 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. రేడియేటర్ల సామర్థ్యాన్ని ఐరోపా ప్రమాణం ఈఎన్ 442 ప్రకారం 75 డిగ్రీల వద్ద నీరు వచ్చి 65 వద్ద వెళ్లే స్థితిలో, 20 డిగ్రీల గదిలో కొలుస్తారు. పెట్టెపై ముద్రించే సంఖ్య సాధారణంగా అదే. నీరు 55 వద్ద వచ్చి 45 వద్ద వెళ్తే అదే రేడియేటర్ అందులో సగమే ఇస్తుంది. 45 వద్ద వచ్చి 40 వద్ద వెళ్తే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.

తక్కువ ఉష్ణోగ్రత ఒకే పైపు అమరికను మరింత దెబ్బతీస్తుంది. 70 డిగ్రీల వద్ద బయలుదేరి వలయంలో 10 డిగ్రీలు పడిపోతే చివరి రేడియేటర్ 78 శాతం ఇస్తుందని పైన చూశాం. 45 వద్ద బయలుదేరి అవే 10 డిగ్రీలు పడిపోతే అది 58 శాతానికి దిగుతుంది.

పైపు వ్యాసం కూడా ముందుచూపుతో తేల్చాలి. చప్పుడు రాకుండా ఉండాలంటే పైపులో నీటి వేగం సెకనుకు సుమారు 0.9 మీటర్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. మన ఇంటి 9 కిలోవాట్లు 20 డిగ్రీల తేడాతో ప్రవహిస్తే 22 మి.మీ. రాగి పైపు హాయిగా సరిపోతుంది. హీట్ పంపులు సాధారణంగా 5 డిగ్రీల తేడాతో నడుస్తాయి కనుక నాలుగు రెట్లు నీరు కావాలి. అప్పుడు 22 మి.మీ. పైపులో వేగం పరిమితిని దాటిపోతుంది. ప్రధాన పైపు 28 మి.మీ. ఉండాలి. నేడు కొద్దిపాటి అదనపు ఖర్చు, రేపు నేల తవ్వే పనిని తప్పిస్తుంది.

ఏ ఇంటికి ఏది?

కొత్తగా కడుతున్న ఇల్లు, నేల ఇంకా వేయలేదు, కరెంటుకు ఇన్వర్టర్ అండ ఉంది, బాయిలర్ గ్యాస్ లేదా డీజిల్‌తో నడుస్తుంది అనుకుంటే అంతస్తుకొక మానిఫోల్డ్ మేలు. ఏ అంతస్తుకు ఆ అంతస్తును విడిగా నడపవచ్చు.

పాత ఇంట్లో పైపులు గోడల వెంట పైకి కనిపించేలా వేయాల్సి వస్తే రెండు పైపుల అమరిక సరైనది. చుట్టుగోడల వెంట పూర్తి వలయం కుదిరితే రివర్స్ రిటర్న్ చేయించాలి. కుదరకపోతే మామూలు రెండు పైపులు వేసి, ప్రతి రేడియేటర్‌కూ సర్దుబాటు వాల్వు పెట్టించాలి.

కట్టెల బాయిలర్, తరచూ కరెంటు కోతలు ఉన్న ఇంటికి లావు పైపులతో, వాలుతో కూడిన రెండు పైపుల అమరిక, పంపు లేకపోయినా వేడిని మోసే ఒక రేడియేటర్ ప్రాణరక్షకాలు.

రెండు మూడు గదుల చిన్న ఇంటికి, పొదుపు తప్పనిసరైతే ఒకే పైపు వలయం తప్పు కాదు. కానీ ప్రతి రేడియేటర్‌కూ పక్కదారి ఉండాలి. చివరి రేడియేటర్లను లెక్క ప్రకారం పెద్దవిగా ఎంచుకోవాలి.

అమరిక ఏదైనా నేల పూడ్చక ముందు కొన్ని పనులు జరగాలి. పైపులను పని ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడితో నింపి గంటల తరబడి పరీక్షించాలి. పైపులు వెళ్లే దారిని కొలతలతో ఫొటోలు తీసి భద్రపరచాలి. ఎత్తైన ప్రతి చోటా గాలి వదిలే వాల్వు, పల్లంలో ఖాళీ చేసే కుళాయి ఉన్నాయో లేదో చూడాలి. వేడి అక్కర్లేని చోట వెళ్లే పైపులకు తొడుగు వేయించాలి. రేడియేటర్లను సమతుల్యం చేసి చూపించాకే చివరి వాయిదా చెల్లిస్తామని మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి.

ఉన్న ఇంట్లో ఏముందో తెలుసుకోవడమెలా?

బ్రిటన్, జర్మనీ వంటి దేశాల్లో అద్దె ఇళ్లలో చేరే తెలుగు కుటుంబాలకు అమరిక ఎంచుకునే అవకాశం ఉండదు. కానీ దాన్ని గుర్తిస్తే చలి గదికి కారణం తెలుస్తుంది. వ్యవస్థ చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసి రేడియేటర్లను వరుసగా తాకి చూడాలి. రేడియేటర్ కింది భాగం వేడిగా, పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. పైనున్న చిన్న వాల్వును తాళంతో తెరిచి, నీరు వచ్చేదాకా గాలి వదిలితే సరిపోతుంది. పైన వేడిగా ఉండి కింద మధ్యలో చల్లగా ఉంటే అడుగున బురద పేరుకుంది. రేడియేటర్ కింద రెండు విడి పైపులు ఉండి, దగ్గరి గదులు వెంటనే కాలి, దూరపు గదులు ఆలస్యంగా గోరువెచ్చనైతే సమతుల్యం లోపించింది. రెండు కొమ్మలూ ఒకే పైపులో కలుస్తుంటే అది ఒకే పైపు వలయం. అక్కడ చివరి రేడియేటర్ పెద్దది కావాలని ఇంటి యజమానిని అడగడమే మార్గం.

ఇంట్లో వేడి సరిపోనప్పుడు పంపునో బాయిలర్‌నో పెద్దది చేయాలన్నది సహజంగా తోచే ఆలోచన. చివరి గదిలో ఎవరు పడుకుంటారన్న ప్రశ్న అంతకంటే ముందు రావాలి. చాలా ఇళ్లలో అది తాతమ్మల గదో, చంటిబిడ్డ గదో అయి ఉంటుంది. ఆ గది వెచ్చగా లేకపోతే, తలుపు బిగించి కాంగ్డీనో గ్యాస్ హీటర్‌నో మళ్లీ అక్కడికే తెచ్చుకుంటారు. ఇంటి నుంచి బయటికి పంపామనుకున్న నిప్పు అలా తిరిగి మంచం పక్కకే చేరుతుంది. అందుకే పైపుల పటం గీసేటప్పుడు బాయిలర్ దగ్గర కాక, ఆ చివరి గది దగ్గర మొదలుపెట్టాలి.